పదివేల బాట్ల ఖరీదెంత?

అక్క: బ్యాంకాక్‌లో పదివేల బాట్లు తీశావు. మెషీన్ నీ చేతిలో పెట్టింది పదివేలే. ఖాతాలోంచి ఎంత పోయిందో ముందు అది చెప్పు. కార్డు గొప్పతనం తర్వాత మాట్లాడుకుందాం.

తమ్ముడు: దాచడానికేముంది అక్కా, రాసి చూపిస్తా. లెక్క తేలిగ్గా ఉండటానికి బాట్ రెండున్నర రూపాయలనుకో. పదివేలంటే 25,000. పరాయి దేశపు కార్డు పెట్టినందుకు అక్కడి మెషీన్ తన వాటాగా 220 బాట్లు పట్టుకుంది. కాబట్టి నా లెక్కలో తీసింది 10,220 బాట్లు, 25,550 రూపాయలు. దానిమీద మన బ్యాంకు అదనంగా వేసుకునే మార్కప్ మూడున్నర శాతం, 894 రూపాయలు. ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, 161. విదేశీ ఏటీఎం వాడినందుకు 125, దానికీ జీఎస్టీ కలిపి 147 రూపాయల 50 పైసలు. కరెన్సీ మార్చడమే ఒక సేవ కాబట్టి దానికి వేరే జీఎస్టీ, 46. అన్నీ కూడితే 26,800కి ఒకటి రెండు రూపాయలు తక్కువ.

అక్క: పద్దెనిమిది వందలు! ఏడు శాతం పైనే. బాట్ రెండున్నర అని నువ్వనుకున్నావు గానీ నీకు పడింది రెండు రూపాయల అరవై ఎనిమిది పైసలు. నేను బషీర్‌బాగ్‌లో డాలర్లు కొని, బ్యాంకాక్‌లో ఎయిర్‌పోర్టు దాటి ఊళ్లోకి వెళ్లాక మార్చుకున్నాను. కొన్నప్పుడు కొంత పోయింది, మార్చుకున్నప్పుడు కొంత పోయింది. రెండూ కలిపి రెండు శాతం. నాకు రెండు యాభై అయిదుకి పడింది. అవే పదివేల బాట్లు, అదే ఊరు. నీకూ నాకూ పదమూడు వందలు తేడా.

తమ్ముడు: నువ్వు పోల్చింది ఆ కౌంటర్లో అత్యంత ఖరీదైన సరుకుతో. జీతం పడే ఖాతాతో పాటు ఊరికే వచ్చిన మామూలు డెబిట్ కార్డు అది. మార్కప్ అసలే లేని కార్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అలాంటి కార్డుతో 20,000 బాట్లు ఒకేసారి తీశాననుకో. మెషీన్‌కి అవే 220 బాట్లు, అంటే 550 రూపాయలు. ఏటీఎం చార్జీ 147న్నర. మార్పిడి జీఎస్టీ 91. మొత్తం 790 దాటదు. యాభై వేలకి 790 అంటే శాతంన్నర చిల్లర. నీ రెండు శాతం కన్నా తక్కువేగా?

అక్క: తక్కువే, ఒప్పుకుంటున్నా. కానీ చేస్తున్న పని చూసుకున్నావా? దొంగల భయం, జేబులో నోట్ల కట్ట దేనికి అని గదా నువ్వు కార్డు పట్టుకుంది. ఇప్పుడు చవకగా పడాలని ఒకేసారి ఇరవై వేల బాట్లు తీసి జేబులో పెట్టుకున్నావు. నీ కార్డు చవక కావాలంటే నా నోట్ల కట్ట నీ జేబులోకి రావాలి. కట్ట వద్దనుకుంటే చవక వదులుకోవాలి. రెండూ నీవే అనడం కుదరదు.

తమ్ముడు: ఈ మాట ముందే అంటావేమోనని భయపడుతూనే ఉన్నా. నిజమే, మెషీన్ చార్జీ ఎంత తీసినా ఒకటే కాబట్టి కొంచెం కొంచెంగా తీసేవాడు మునుగుతాడు. రెండువేల బాట్లకి 220 అంటే పదకొండు శాతం. అయినా నా కట్టకీ నీ కట్టకీ తేడా ఉంది. నువ్వు వారం రోజుల డబ్బంతా మొదటి రోజు నుంచే మోస్తావు. నేను రెండు రోజుల డబ్బే మోస్తా. నీ బ్యాగు పోతే వారం పోతుంది. నా జేబు కొడితే రెండు రోజులు పోతాయి, కార్డు హోటల్ గదిలో భద్రంగా ఉంటుంది.

అక్క: కార్డుని మెషీన్ మింగేస్తే?

తమ్ముడు: అందుకే రెండు కార్డులు తీసుకెళ్తా.

అక్క: నేనూ అందుకే డాలర్లు రెండు చోట్ల పెడతా. మీ బావ బెల్టు లోపలి జిప్పులో సగం, నా హ్యాండ్‌బ్యాగు అడుగున సగం. ఏ దారిలో వెళ్లినా రెండో జేబు లేకుండా కుదరదు.

తమ్ముడు: నీ డాలర్ల సంగతి కూడా కొంచెం చెప్పు. వందనోటుకి ఒక రేటు, ఇరవై నోటుకి ఇంకో రేటు, అక్కడ బోర్డు మీదే రాసి ఉంటుంది. మడత పడితే, అంచు చిరిగితే, ఎవరో పెన్నుతో గీత గీసి ఉంటే కౌంటర్లో అమ్మాయి ఆ నోటుని లైటు కింద పెట్టి తిప్పి తిప్పి చూసి, నవ్వుతూ వెనక్కి తోసేస్తుంది. ఇక్కడ కొన్నప్పుడు ఆ గీత నీకు కనపడదు.

అక్క: కనపడింది. బషీర్‌బాగ్‌లో నేనూ లైటు కిందే చూసుకున్నా, ఆ రెండు నోట్లు మార్చి ఇమ్మన్నా. అతను గొణిగాడు, ఇచ్చాడు. కూరగాయల దగ్గర టమాటాలు ఏరుకున్నట్టే. నీ మెషీన్‌తో గొణిగించుకోగలవా?

తమ్ముడు: గొణగదు గానీ, మన ఊరు దాటేలోపు పాస్‌పోర్టు జిరాక్సు, టికెట్ కాపీ పట్టుకుని వరసలో నిలబడు అనీ అనదు. రూపాయల్లో యాభై వేలు దాటితే నగదు తీసుకోం, బ్యాంకు నుంచి పంపించు అంటారు. ఒక ప్రయాణానికి మనిషికి మూడువేల డాలర్లకి మించి నోట్లు ఇవ్వరు. ఇవన్నీ ఒక పూట పని. నీ పదమూడు వందల్లో ఆ పూట ఖరీదు తీసేశావా?

అక్క: తీయలేదు, నా పూటకి ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి. ఇది హాస్యానికి అనడం లేదురా. సెలవు పెట్టి వెళ్లే నీకు పూట ఖరీదైంది. ఇంట్లో ఉన్న నాకు పదమూడు వందలే ఖరీదైనవి. ఏది చవక అనేది అందరికీ ఒకే అంకె కాదు.

తమ్ముడు: సరే, ఆ పాయింటు నీది.

అక్క: ఇంకోటి కూడా నాదే. నాన్న సంగతి.

తమ్ముడు: డాలస్ లెక్కా?

అక్క: అదే. చెల్లి దగ్గర మూడు నెలలున్నాడు. వాళ్లని అడగడం మొహమాటం. వాకింగ్‌కి వెళ్లినప్పుడు దారిలో మెషీన్ దగ్గర నలభై డాలర్లు తీసుకునేవాడు. చేతిలో ఎక్కువ ఉంచుకోకూడదని. అయిదుసార్లు తీశాడు. ఇంటికొచ్చాక స్టేట్‌మెంటు నేను చూశా. డాలరు 85 అనుకుంటే నలభై డాలర్లు 3,400. అక్కడి మెషీన్ మూడున్నర డాలర్లు, అంటే 297. మార్కప్పూ దాని జీఎస్టీ 153. మన బ్యాంకు ఏటీఎం చార్జీ 147. మార్పిడి జీఎస్టీ ఎంత తక్కువ మార్చినా 45కి తగ్గదు, అదొకటి. నలభై డాలర్లకి అటూ ఇటూ ఆరువందల నలభై. నూటికి పందొమ్మిది! మన ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా వాకింగ్‌కి వచ్చిన ముసలాయన దగ్గర ఇంత గుంజడు.

తమ్ముడు: రెండు వందలూ ఒకేసారి తీసుంటే పన్నెండు వందలతో పోయేది. అయిదుసార్లకి మూడువేల రెండు వందలు పెట్టాడు. తప్పు కార్డుది కాదక్కా, అలవాటుది.

అక్క: అలవాటు ఎక్కడ నేర్చుకున్నాడు? ఇక్కడే, మన బ్యాంకు మెషీన్ల దగ్గర. నెలకి ఇన్నిసార్లు ఉచితం, కొంచెం కొంచెంగా తీసుకో, ఇంట్లో నగదు పెట్టుకోకు అని చెప్పి చెప్పి నేర్పించారు. జాగ్రత్త అంటే అదేనన్నారు. ఆ జాగ్రత్తనే పట్టుకుని సముద్రం దాటితే దానికే జరిమానా వేశారు. నీలాగా ముందే కాగితం మీద లెక్కేసేవాడికి శాతంన్నర, నాన్నకి పందొమ్మిది శాతం. ఇద్దరూ నొక్కింది ఒకేలాంటి మెషీన్.

తమ్ముడు: ఆ చార్జీలు దాచిపెట్టలేదుగా? బ్యాంకు వెబ్‌సైట్లో చార్జీల పట్టికలో అన్నీ ఉంటాయి.

అక్క: ఉంటాయి. చీరల కొట్లో ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు వెనకాల ఉన్నట్టు ఉంటాయి. చదివే వాడికి చవక, చదవనివాడికి ఖరీదు. నాకు నచ్చనిది అదే. మనీ ఎక్స్‌చేంజ్ వాడు మంచివాడని నేననను. కానీ వాడి లాభమంతా ఒక్క అంకెలో ఉంటుంది. బోర్డు మీద రాసిన రేటు, కింద జీఎస్టీ, అయిపోయింది. పక్క కొట్టుకి వెళ్లి అదే అంకె అడిగి పోల్చుకోవచ్చు. నీ కార్డు దగ్గర అయిదు ముక్కలు కలిపితేగానీ ఒక అంకె రాదు. అందులో రెండు మన బ్యాంకువి, ఒకటి వాళ్ల బ్యాంకుది, రెండు ప్రభుత్వానివి.

తమ్ముడు: ముక్కలుగా కనపడటం మంచిదే అంటా నేను. ఒక్క అంకెలో కలిపేస్తే ఎవడెంత తిన్నాడో ఎలా తెలుస్తుంది? వీసా అయినా మాస్టర్‌కార్డ్ అయినా ఆ రోజు రేటు తమ సైట్లో పెడతాయి, పెద్ద బ్యాంకులు తమలో తాము వాడుకునే రేటుకి దగ్గరగా ఉంటుంది. మార్కప్ శాతం కూడా రాసే ఉంటుంది. నీ బోర్డు మీద డాలరు 86.70 అని ఉంటే, అసలు రేటెంత, వాడి లాభమెంత అనేది నువ్వు ఫోన్ తీసి చూసుకుంటేగానీ తెలియదు.

అక్క: చూసుకుంటానుగా. కానీ నీ రేటు ఏ రోజుది? నువ్వు మెషీన్ దగ్గర నిలబడ్డ రోజుదా, రెండు రోజుల తర్వాత లెక్క తేలిన రోజుదా?

తమ్ముడు: తేలిన రోజుది కావచ్చు. మెసేజ్‌లో ఒక అంకె వచ్చి స్టేట్‌మెంటులో ఇంకో అంకె కనపడటం జరుగుతుంది. పది ఇరవై రూపాయల తేడా. ఆదివారం తీస్తే ఇంకొంచెం. దాన్ని నేను పట్టించుకోను.

అక్క: నేను పట్టించుకుంటా. విమానం ఎక్కేటప్పటికే నా బాట్లు ఎంతకి పడతాయో నాకు దాదాపు తెలుసు. నువ్వు తిరిగొచ్చాక తెలుసుకుంటావు.

తమ్ముడు: నీకు తెలిసేది కొన్నదాని ఖరీదే. మిగిలినదాని ఖరీదు తెలియదు. అది చెప్పు, బీరువాలో ఎంత ఉంది?

అక్క: ...నూట ఎనభై డాలర్లు, కొన్ని బాట్లు.

తమ్ముడు: కొన్ని అంటే?

అక్క: పద్నాలుగు వందలో ఎంతో. చిల్లర వేరే. చిల్లర ఎవరూ తీసుకోరు.

తమ్ముడు: తిరిగి అమ్ముదామని వెళ్తే కొనే రేటు వేరు, అమ్మే రేటు వేరు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి కోత. అమ్మకుండా బీరువాలో పెడితే దానికి వడ్డీ లేదు. నీ రెండు శాతం లెక్కలో బీరువా లేదక్కా. నేను ఎంత ఖర్చు పెడితే అంతే తీశా, చివరి రోజు ట్యాక్సీకి సరిపడా.

అక్క: అవి పారేసిన డబ్బా? రెండువేల డాలర్ల దాకా ఉంచుకోవచ్చని రిజర్వు బ్యాంకే ఒప్పుకుంటుంది. అంతకు మించితే నూట ఎనభై రోజుల్లో అప్పగించాలి. నా నూట ఎనభై వచ్చే ప్రయాణానికి పనికొస్తాయి. ఈలోగా రూపాయి పడిపోతే లాభమే.

తమ్ముడు: లేస్తే?

అక్క: మన జీవితంలో ఎన్నిసార్లు లేచిందిరా?

తమ్ముడు: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ చూడు, నువ్వు ప్రయాణం ఖర్చు గురించి కాకుండా డాలరు పెరుగుతుందని మాట్లాడటం మొదలుపెట్టావు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు అట్లా చూస్తారు. బోర్డు మీద రూపాయి ఎప్పుడు పడిపోతుందా అని చూసి ఆ రోజు ఇంటికి డబ్బు పంపుతారు. పైసల్లో లెక్క వాళ్లకి నోటికి వచ్చు. వాళ్లది సంపాదన, వాళ్లకది అవసరం. వారం రోజులు విహారానికి వెళ్లే మనకి ఎందుకు?

అక్క: దుబాయ్ అన్నావు కాబట్టి ఒకటి అడుగుతా. ముందే విదేశీ డబ్బు నింపి ఇచ్చే ఫారెక్స్ కార్డు సంగతి. డాలర్లు నింపిచ్చారు. వెళ్లేరోజు రేటు అక్కడే బిగించేశాం, ఇక భయం లేదన్నారు. మా ఆడపడుచు దాన్ని దుబాయ్‌లో గీకింది. దిర్హమ్ డాలరుకి కట్టేసి ఉంది, 1997 నుంచి డాలరుకి 3.6725. ఇన్నేళ్లలో మారని రేటు. కార్డులో ఉన్నది డాలర్లు, ఖర్చు పెట్టింది దిర్హమ్‌లు కాబట్టి వేరే కరెన్సీ చార్జీ అని మూడు శాతం పైన తీసుకున్నారు. కదలని రేటుని మార్చినందుకు కూలి!

తమ్ముడు: అది నిజంగా అన్యాయమే, సమర్థించను. దిర్హమ్‌లే నింపుకుని ఉంటే తప్పేది. ఫారెక్స్ కార్డు ఏ దేశానికైతే ఆ దేశపు కరెన్సీ నింపితేనే దాని మాట నిలుస్తుంది. ఇక క్రెడిట్ కార్డుతో నగదు తీయడం గురించి అసలు మాట్లాడుకోనక్కర్లేదు. తీసిన నిమిషం నుంచి వడ్డీ, పైన చార్జీ. అది కొట్లో బిల్లు కట్టడానికే.

అక్క: ఒక్కదాంట్లో మనిద్దరం ఒక్కటే అనుకుంటా. ఆ ప్రశ్న.

తమ్ముడు: ఏ ప్రశ్న?

అక్క: మెషీన్ చివర్లో అడిగేది. తెర మీద పెద్ద అక్షరాల్లో మీకు ఇన్ని రూపాయలు పడుతుంది, ఒప్పుకుంటారా అని. పక్కన రెండు బటన్లు.

తమ్ముడు: అబ్బ, అదా! దాంట్లో మనిద్దరిదీ ఒకే మాట. చూడ్డానికి ఎంత మర్యాదగా ఉంటుందో. మన భాష కాదుగానీ మన రూపాయి గుర్తు కనపడుతుంది, పరాయి ఊళ్లో చుట్టం పలకరించినట్టు ఉంటుంది. నొక్కితే రేటు మన బ్యాంకుది కాదు, వీసాదీ కాదు, ఆ మెషీన్ వాడిది. నేను చూసినప్పుడు రెండున్నర రూపాయల బాట్‌కి రెండు అరవై అయిదు వేశాడు. 10,220 బాట్లకి 27,083. ఒక్క నొక్కుకి పదిహేను వందల పైన. ఆ పైన కొన్ని బ్యాంకులు, రూపాయల్లోనే జరిగినా విదేశంలో జరిగింది కాబట్టి అని తమ మార్కప్ కూడా వేస్తాయి.

అక్క: అంటే నీ ఏడు శాతం పదమూడు అవుతుంది.

తమ్ముడు: మామూలు కార్డుకి అవుతుంది. కార్డు కంపెనీల నిబంధన ప్రకారం అడగకుండా అట్లా మార్చకూడదు, కాబట్టి అడుగుతాడు. ఎలా అడుగుతాడన్నదే కిటుకు. ఒక బటన్ పచ్చగా ఉంటుంది. రెండోదాని మీద ‘తిరస్కరిస్తున్నాను’ అని ఉంటుంది.

అక్క: నాకు ఎక్స్‌చేంజ్ వాడు ఎప్పుడూ అట్లాంటి ప్రశ్న వేయలేదు.

తమ్ముడు: వాడికి అవసరం లేదు, లాభం రేటులోనే పెట్టుకున్నాడు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఎంత పెట్టుకుంటాడో నీకే తెలుసు, అందుకే ఊళ్లోకి వెళ్లి మార్చానన్నావు. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రావడానికి ట్యాక్సీవాడికి ఏ నోటిచ్చావు?

అక్క: ఎయిర్‌పోర్టులో ఇరవై డాలర్లు మార్చా.

తమ్ముడు: చెత్త రేటుకి.

అక్క: చెత్త రేటుకే. ఇరవైకే గదా. ఇంకా ఇమిగ్రేషన్ వాళ్లు చేతిలో ఖర్చులకి డబ్బుందా చూపించమని అడగొచ్చు. ముందువాణ్ని అడిగారు. వాడు ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచి చూపించబోయాడు, వైఫై లేదు. నేను నోట్లు చూపించా.

తమ్ముడు: నన్ను అడగలేదు.

అక్క: అడగనివాళ్లు ఎప్పుడూ కార్డు మంచిదే అంటారు. సరేగానీ, వచ్చే నెల అమ్మా నాన్నా ఇద్దరూ వెళ్తున్నారు. మళ్లీ డాలస్. ఈసారి ఏమిస్తావు?

తమ్ముడు: మార్కప్ లేని కార్డు ఒకటి తీయించా, నాన్న పేరు మీద. కొత్త కార్డులు ఇక్కడి వాడకానికే పనిచేస్తాయి, బయటి దేశానికి మనమే యాప్‌లో తెరవాలి. 2020 నుంచి అంతే. అది తెరిచి, ఏటీఎం పరిమితి కూడా పెట్టా. ఒకేసారి రెండు వందల డాలర్లు తీయమని చెప్పా.

అక్క: నేను అయిదు వందల డాలర్లు నోట్లు ఇస్తా. అమ్మ చీరల మధ్య పెట్టుకుంటుంది. ఆవిడకి మెషీన్ అక్కర్లేదు.

తమ్ముడు: అవి అయిపోతే?

అక్క: అవి అవ్వవు. నీకు తెలుసుగా అమ్మ. వచ్చేటప్పుడు నాలుగు వందల అరవై తెస్తుంది.

తమ్ముడు: బీరువాలోకి. ఒక్కటి మాత్రం నాన్నకి గట్టిగా చెప్పాలక్కా. ఆ రూపాయల ప్రశ్న వస్తే వద్దు నొక్కమని. ఆ రెండో బటన్.

అక్క: పోయినసారే చెప్పా. చీటీ రాసి పర్సులో పెట్టా.

తమ్ముడు: మరి?

అక్క: నొక్కలేదట. తిరస్కరిస్తున్నాను అని ఉంది, నొక్కితే అసలు డబ్బే రాదేమో, కార్డు లోపలే ఉండిపోతుందేమో, వెనకాల ఎవరో నిలబడ్డారు, అందుకని పచ్చదే నొక్కేశా అన్నాడు.

తమ్ముడు: అయిదుసార్లూనా?

అక్క: అయిదోసారి వెనక ఎవరూ లేరట.